నా నిద్రలోనూ కదుళ్ళు లేవు

పోయిన వారం మీరు నన్ను మెట్ల కింద, చేతిలో ఫోనుతో నిలబెట్టేసి పత్రిక మూసేశారు. నేను మాత్రం చాలాసేపు అక్కడే ఉండిపోయాను. చేయకూడని ఫోను చేసేశాక కాళ్ళు ఒక పట్టాన కదలవు.

సంగతి గుర్తున్నవాళ్ళు రెండు పేరాలు దాటేయండి. లేనివాళ్ళకు నాలుగు ముక్కల్లో చెబుతాను. నేను నిద్ర ప్రయోగశాలలో టెక్నీషియన్ని. జనం మధ్యాహ్నం పూట వచ్చి మా మంచాల మీద పడుకుంటారు. వాళ్ళ తలకు నేను తీగలు అంటిస్తాను, వాళ్ళు నిద్రపోతారు, ఆ నిద్ర గీతలుగా మారి నా తెర మీదికి వస్తుంది. ముప్ఫై సెకన్లకొక పేజీ చొప్పున ఆ గీతలు చదివి, ఇది తేలిక నిద్ర, ఇది గాఢనిద్ర అని గుర్తులు పెట్టడం నా పని. పదకొండేళ్ళుగా పరాయివాళ్ళ నిద్ర చదివి జీతం తీసుకుంటున్నదాన్ని. మా డాక్టరమ్మ పరిశోధన మనసు జబ్బు ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళ మీద. వాళ్ళ నిద్రకూ, వాళ్ళ చూపు ఒకచోట నిలిచే తీరుకూ ఏమైనా పొత్తు ఉందా అని ఆవిడ వెతుకుతోంది.

ఇక మా తమ్ముడు. ఈతకొలనులో లైఫ్‌గార్డు. రెండేళ్ళ కిందట వరసగా ఐదు రోజులు కన్ను మూయలేదు. కొలను అడుగున వెలిగే దీపాలు తనకేదో సైగ చేస్తున్నాయని నమ్మాడు. ఏడు వారాలు ఆసుపత్రిలో ఉండి కోలుకుని వచ్చాడు. అప్పట్నుంచీ అదే కొలనులో తువ్వాళ్ళు మడతపెడుతూ, లాకర్ల తాళంచెవులు ఇస్తూ గడుపుతున్నాడు. వచ్చే సోమవారం మళ్ళీ నీళ్ళ పక్కనున్న ఎత్తు కుర్చీ ఎక్కాలి. వాడికి వైద్యం చేసే డాక్టరు సరేనని కాగితం కూడా ఇచ్చాడు. ఈలోగా మా పరిశోధనకు వాడే పేరిచ్చాడు. మాకు పేర్లు కనబడవు, నెంబర్లే. వాడు నా సెలవురోజున వచ్చి పడుకున్నాడు, తీగలు ఇంకో అమ్మాయి అంటించింది. వాడిది నలభై ఒకటి. అది నాకు తెలియకూడదు. కాని చొక్కాకు అంటించిన నెంబరు స్టిక్కరు పీకకుండానే ఇంటికొచ్చాడు మహానుభావుడు. మొన్న బుధవారం పొద్దున నేను నలభై ఒకటి తెరిచాను. చూసినదానికి భయపడి, కొలను సూపర్‌వైజరుకు ఫోన్ చేసి, "సోమవారం మా తమ్ముణ్ణి కుర్చీ ఎక్కించకండి" అన్నాను. గురువారం తలనొప్పని సెలవు పెట్టాను.

ఇప్పుడు శుక్రవారం, పదకొండున్నర. మళ్ళీ నా తెర ముందు కూర్చున్నాను కాని ఒక్క ఫైలూ తెరవలేదు.

నా గదిలో కిటికీ ఉన్నా దానికి నల్ల పరదా ఎప్పుడూ వేసే ఉంటుంది. రెండు తెరలు, ఒక బల్ల, చక్రాలున్న రెండు కుర్చీలు, గోడ పక్కన తీగలు కడిగే సింకు. తలుపు మీద "లోపల చదువుతున్నారు, తట్టకండి" అని కాగితం. తమ్ముడు ఆ మాటను అక్షరాలా పాటించాడు. తట్టకుండా లోపలికొచ్చాడు. జుట్టు ఇంకా తడిగా ఉంది. వాడితోపాటు కొలను నీళ్ళ మందు వాసన కూడా వచ్చింది.

"అక్కా, కొలనుకి ఫోన్ చేసింది నువ్వేనా?"

"ఏ ఫోను?"

అబద్ధం చెప్పడం నాకు చిన్నప్పట్నుంచీ చేతకాదు. చెవులు ఎర్రబడతాయి. వాడు నా మొహం చూడలేదు, తిన్నగా చెవులే చూశాడు.

"నువ్వేనన్నమాట" అని రెండో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అరిచి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. అరవలేదు. "సూపర్‌వైజరు తువ్వాళ్ళ గదిలోకొచ్చి చెప్పాడు. 'మీ ఇంట్లోవాళ్ళే వద్దంటున్నారయ్యా, నన్నేం చేయమంటావ్' అన్నాడు. ఇంట్లోవాళ్ళంటే అమ్మా, నువ్వూ. అమ్మకి ఫోన్లో నెంబరు నొక్కడమే రాదు."

"నీ మంచి కోసమేరా."

"ఆ మాట ఆసుపత్రిలో రోజుకి పదిసార్లు విన్నానక్కా. బయట్నుంచి గడియ పెట్టేటప్పుడు కూడా అదే అనేవాళ్ళు."

పెరుగుతున్నప్పుడు వీడి చెప్పులు నేను తొడిగాను, వీడి లెక్కలు నేను చేశాను, వీడి దెబ్బలు సగం నేను తిన్నాను. ఒక్కసారైనా వీడి ముందు తల దించుకున్న గుర్తు లేదు. ఆ రోజు దించుకున్నాను.

"ఇంతకీ ఏం చూశావ్?"

"చెప్పకూడదు. నియమం ఉంది."

"చూడకూడనిది చూశావ్. చేయకూడని ఫోన్ చేశావ్. చెప్పకూడదని ఇప్పుడు గుర్తొచ్చిందా?"

దానికి జవాబు మీ దగ్గరుంటే రాసి పంపండి. చెప్పేశాను.

మనిషి నిద్రలో కాస్త దిగాక, తల పైభాగం నుంచి వచ్చే గీతలో అప్పుడప్పుడూ ఒక చిన్న వణుకు పుడుతుంది. అర సెకనో, సెకనో ఉంటుంది. రెండు కొనలా సన్నగా, మధ్యలో ఉబ్బెత్తుగా, నూలు చుట్టిన కదురులా కనిపిస్తుంది. పుస్తకాల్లో స్పిండిల్ అంటారు. మేం కదుళ్ళనే అంటాం. ఈ జబ్బు వచ్చినవాళ్ళలో చాలామందికి ఆ కదుళ్ళు తక్కువగా ఉంటాయని మా రంగంలో అనుకునే మాట. తమ్ముడు గంటా పది నిమిషాలు పడుకున్నాడు. ఆ నిద్రలో నాకు ఒక్క కదురూ కనబడలేదు. తక్కువ కాదు, అసలు లేవు.

"అదొక్కటేనా?"

"చుక్కల పరీక్ష కూడా చేశావు కదా. రెండువందల నలభై చుక్కలు. వాటిలో ఎనభై ఏడు నువ్వు పట్టుకోలేదని ఉంది. నీళ్ళలో ఎనభై ఏడుసార్లు చూపు తప్పితే ఏమవుతుందిరా? అందుకే ఫోన్ చేశాను. తప్పే. కాని రేపు ఎవరి పిల్లాడో మునిగితే, ఆ తర్వాత నువ్వు మిగులుతావా?"

వాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తూ ఉన్నాడు.

"నాకు బాగానే ఉన్నట్టుందక్కా. రోజూ ఏడు గంటలు పడుకుంటున్నా. మందులు మానలేదు. దీపాలు దీపాల్లాగే ఉన్నాయి. కాని అప్పుడు కూడా బాగానే ఉన్నాననుకున్నా. అందుకని ఇప్పుడు నన్ను నేను నమ్మాలో, నీ గీతల్ని నమ్మాలో తెలీడం లేదు." కుర్చీ నా వైపు తిప్పి అడిగాడు. "నిజం చెప్పు. మళ్ళీ మొదలవుతోందా?"

రెండు రోజులుగా నేను ఎవరి నోటా వినకూడదనుకున్న ప్రశ్న అదే. ఏడుపు వచ్చేసింది. నేను ఏడిస్తే వాడు భయపడతాడని తెలిసి కూడా ఆపుకోలేకపోయాను.

సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ కాఫీ కప్పుతో లోపలికొచ్చింది.

మా డాక్టరమ్మ పొట్టి మనిషి. యాభై నాలుగేళ్ళు. కళ్ళజోడు తలమీద పెట్టుకుని గదంతా వెతికే రకం. నన్ను చూసింది, తమ్ముణ్ణి చూసింది, ఇద్దరి ముక్కులూ ఒకేలా ఉన్నాయని గమనించినట్టుంది. కప్పు బల్ల మీద పెట్టింది.

"ఇతనెవరు?"

"మా తమ్ముడండీ. నలభై ఒకటి."

"ఆ నెంబరు నీకెలా తెలుసు?"

కక్కాల్సిందంతా కక్కేశాను. స్టిక్కరు, ఫైలు, ఫోను. తమ్ముడు మర్యాదకు లేవబోతే ఆవిడ చేత్తో ఆపింది.

"కూర్చో బాబూ. నిలబడాల్సినంత తప్పు నువ్వేం చేయలేదు. స్టిక్కరు పీకలేదంతే." నా వైపు తిరిగింది. "నువ్వు నిలబడే ఉండు."

నిలబడ్డాను.

"సొంతవాళ్ళ ఫైలు తెరవకూడదు, ఒకటి. తెరిచినదాన్ని గడప దాటించకూడదు, రెండు. ఈ రెండింటికీ నీతో తర్వాత మాట్లాడతాను. మూడోది అన్నిటికంటే ఘోరం. జబ్బు వచ్చిన వందమందిని ఇటు, రాని వందమందిని అటు పెట్టి సగటు తీస్తే తెలిసే సంగతి మనది. దాన్ని తీసుకెళ్ళి ఒక్కడి నెత్తిన పెడతావా? అదీ ఒక మధ్యాహ్నం నిద్ర చూసి? కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది నువ్వే కదా!"

"నేనేనండీ."

"మరి?"

"తమ్ముడండీ" అన్నాను. అంతకంటే మంచి కారణం దొరకలేదు.

ఆవిడ మొహం కాస్త మెత్తబడింది. కుర్చీలో కూర్చుని, "ముందు ఆ చుక్కల సంగతి చూద్దాం" అంది. కళ్ళజోడు కోసం బల్లంతా తడిమింది. తమ్ముడు తన తల తట్టుకుని చూపించాడు. ఆవిడ తీసి పెట్టుకుంది.

చుక్కల పరీక్ష తెలియనివాళ్ళ కోసం. చీకటి గదిలో గడ్డం ఒక పీటమీద ఆనించి కూర్చోబెడతాం. తెర మధ్యలో చిన్న గుర్తు ఉంటుంది. కళ్ళు దానిమీదే నిలపాలి. అంచుల్లో ఎక్కడో మసకగా ఒక చుక్క మెరుస్తుంది. కళ్ళు కదపకుండానే దాన్ని పసిగట్టి బటన్ నొక్కాలి. కళ్ళు కదిలాయో లేదో ఒక కెమెరా కాపలా కాస్తూ ఉంటుంది.

డాక్టరమ్మ నేను చూసిన పట్టికను తెరిచింది. బుధవారం నేను పైవరస మాత్రమే చూసి ఆగిపోయాను. ఆవిడ దాన్ని విప్పి లోపలి వరసలు చూసింది.

"ఎనభై ఏడు కదా నువ్వన్నది? ఇటు చూడు. చుక్క కనబడక వదిలేసినవి నాలుగు. మిగతా ఎనభై మూడూ కెమెరా రద్దు చేసినవి. కళ్ళు మధ్యలోంచి కదిలాయని కొట్టేసింది. బాబూ, గుర్తునే చూడమని నీకు చెప్పారా?"

"చెప్పారు మేడం. తీగలు అంటించిన అమ్మాయి మూడుసార్లు చెప్పింది. నేను ప్రయత్నం చేశాను. కాని ఒకేచోట చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదు."

"ఎందుకని?"

"కొలను దగ్గర మొదటిరోజు నేర్పేదే అది మేడం. పది సెకన్లలో కొలనంతా ఒక చుట్టు చూపు తిరిగి రావాలి. ఈ మూల నుంచి ఆ మూలకి, పైన, అడుగున. ఒకే పిల్లాణ్ణి చూస్తూ కూర్చున్నామా, ఇంకోవైపు ఇంకొకడు మునిగిపోతాడు. సినిమాల్లోలా కేకలు వేస్తారనుకుంటారు అందరూ. మునిగేవాడు చప్పుడు చేయడు. ఆరేళ్ళు అదే పని చేశాను. ఆ చీకటి గదిలో కూడా నా కళ్ళు వాటంతటవే చుట్టు తిరుగుతున్నాయి. చుక్కలన్నీ కనబడ్డాయి. నొక్కాను కూడా."

డాక్టరమ్మ వాణ్ణి కొత్తగా చూసింది. పరిశోధకులకు ఎక్కడైనా తమ తప్పు దొరికితే అదొక రకం ఆనందం. ఆవిడ కళ్ళలో అది కనబడింది.

"మన ప్రశ్నల కాగితంలో వయసు అడిగాం, చదువు అడిగాం, కాఫీ ఎన్నిసార్లు తాగుతారో కూడా అడిగాం" అంది నాతో. "రోజంతా కళ్ళతో చేసే పని ఏమిటని అడగలేదు. రెండువందల నలభైలో వదిలేసింది నాలుగు. నేనైతే ఇరవై వదిలేస్తాను."

నా గుండెల మీది బండ సగం దిగింది. కాని మిగతా సగం ఉంది కదా. కదుళ్ళు. వాటికి కెమెరా అడ్డం రాదు, ఉద్యోగం అడ్డం రాదు. నిద్రలో మనిషి ఏ పనివాడూ కాదు.

అది తమ్ముడికీ తోచినట్టుంది. "నా నిద్ర నాకు చూపిస్తారా?" అని అడిగాడు.

"నీది నువ్వు చూడొచ్చు. అడిగే హక్కు నీకుంది" అని ఆవిడ నాకు సైగ చేసింది. నలభై ఒకటి తెరిచాను. గీతలు తెరంతా పరుచుకున్నాయి. పేజీ తరవాత పేజీ తిప్పాను. అలలు మెల్లగా లేచి పడుతున్నాయి. నున్నగా, ఎక్కడా ఒక ముడి కూడా లేకుండా.

"బాగానే ఉందే!" అన్నాడు పాపం.

"అదేరా బాధ. ఇంత నున్నగా ఉండకూడదు."

"మామూలువాళ్ళది ఎలా ఉంటుంది? పక్కన పెట్టి చూపించు."

"ఇతరులవి చూపించకూడదు."

"అయితే నీది చూపించు."

ఆ మాటకు నాకు కొంచెం గర్వం వచ్చిందని ఒప్పుకోవాలి, అంత దుఃఖంలోనూ. ప్రయోగశాల మొదలుపెట్టినప్పుడు యంత్రాలు సరిచూడ్డానికి నన్నే పడుకోబెట్టారు. మూడో నెంబరు నాదే. కొత్తగా చేరినవాళ్ళకు డాక్టరమ్మ ఇప్పటికీ నా నిద్రే తెరిచి చూపిస్తుంది. "కదుళ్ళంటే ఇలా ఉండాలి, గుత్తులు గుత్తులుగా" అంటుంది. ఇంట్లో పనికి, బయట పనికి నన్ను మెచ్చుకున్నవాళ్ళు తక్కువ. నిద్రకు మాత్రం పేరుంది.

రెండో తెర మీద మూడో నెంబరు తెరిచాను. మొదటి పేజీ. మెలకువ. తర్వాత కునుకు. తర్వాత నిద్ర. ఒక పేజీ, రెండు, అయిదు, పది.

తమ్ముడు ఈ తెర, ఆ తెర మార్చి మార్చి చూస్తున్నాడు. చూడటమే వాడి వృత్తి కదా.

"అక్కా" అన్నాడు చివరికి. "నీకూ లేవే!"

నిజమే. లేవు. గుత్తులు గుత్తులుగా ఉండాల్సిన చోట నున్నటి అలలు. పాఠానికి చూపించే నిద్ర, ఎవరో ఇస్త్రీ చేసినట్టుంది. ఒక్క క్షణం నాకు నిజంగా భయం వేసింది. నాకెప్పుడు వచ్చింది ఈ జబ్బు, ఎవరూ చెప్పలేదేమిటి, అనుకున్నాను. నవ్వకండి. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమనే బుర్ర నాది. బుధవారం అలాగే చేసింది, శుక్రవారమూ అలాగే చేసింది.

డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగింది. వేలితో కుడివైపు పైమూల తట్టింది.

"ఇదేమిటి, పది?"

నేను చూశాను. ఆ మూల ఫిల్టరు అంకె చూపే చిన్న గడి ఉంటుంది. అందులో ముప్ఫై అయిదు ఉండాలి. పది ఉంది.

ఫిల్టరంటే ఏమీ లేదు, జల్లెడ. సెకనుకు ముప్ఫై అయిదుసార్లకు మించి వణికేదంతా మాకు చెత్త, దాన్ని ఆపేసి మిగతాది వదులుతుంది. కదుళ్ళు సెకనుకు పన్నెండు, పద్నాలుగుసార్లు వణుకుతాయి. జల్లెడను పది దగ్గర బిగించేస్తే అవి కూడా పైనే ఆగిపోతాయి.

బిగించింది నేనే. మంగళవారం సాయంత్రం ముప్ఫై ఎనిమిదో నెంబరు చదివాను. ఆయన్ని మేం పళ్ళాయన అంటాం. నిద్రపోతున్నంతసేపూ పళ్ళు కొరుకుతాడు. ఆ దవడ వణుకు గీతలన్నిటిమీదా గడ్డి మొలిచినట్టు మొలిచి, కనురెప్పల కింద కళ్ళెటు కదులుతున్నాయో తెలియనివ్వలేదు. కాసేపటికని జల్లెడ బిగించాను. పని అయ్యాక వదులు చేయడం మరిచిపోయాను. మా యంత్రం మహా విశ్వాసం గలది. చివరిసారి ఎలా పెడితే అలాగే ఉంచుతుంది. మర్నాడు పొద్దున నేను తెరిచిన మొదటి ఫైలు నలభై ఒకటి. భయంతో ఆ తర్వాత ఇంకేదీ తెరవలేదు. ఒక్కటి తెరిచినా, ఎవరిది తెరిచినా, అప్పుడే తెలిసిపోయేది.

"పదకొండేళ్ళ అనుభవం" అంది డాక్టరమ్మ.

"అవునండీ."

"మూల చూడలేదు."

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానండీ."

"ఊరంతా వెతికి, పిల్ల తప్పిపోయిందని ఈతకొలనుకి ఫోన్ కూడా చేసింది మేడం" అన్నాడు తమ్ముడు.

ముందు నవ్వింది వాడే. తర్వాత డాక్టరమ్మ. ఆవిడ నవ్వితే కప్పులో కాఫీ తొణికింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. సింకు దగ్గరకెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను. "మార్చు మరి" అంది ఆవిడ. గడిలో పది కొట్టేసి ముప్ఫై అయిదు వేశాను.

రెండు తెరలూ ఒక్కసారి జీవం పోసుకున్నాయి. నా నిద్రలో కదుళ్ళు ఎప్పటిలాగే గుత్తులుగా లేచాయి. వాటిని నేను చూడలేదు. తమ్ముడి తెర చూశాను. అదిగో ఒకటి. పక్కపేజీలో రెండు. వేలు పెట్టి లెక్కపెట్టాను, చిన్నపిల్లలు లెక్కపెట్టినట్టు, పైకి. పది పేజీల్లో పదమూడు. లావుగా, నిండుగా, మధ్యలో చక్కగా ఉబ్బి.

వాడి తడి జుట్టు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను. వద్దనలేదు వాడు.

"బాబూ, ఒక మాట" అంది డాక్టరమ్మ. "ఇవి ఉన్నాయి కాబట్టి నీకు ఇంకెప్పుడూ రాదని కాదు. లేకపోయి ఉంటే వచ్చేస్తుందనీ కాదు. నువ్వెలా ఉన్నావో చెప్పాల్సింది నువ్వూ, నీ డాక్టరూ. ఈ గీతలు కాదు."

"తెలిసింది మేడం. కాని ఉంటే బాగుంది."

"అవును" అందావిడ. "ఉంటే బాగుంటుంది."

ఇక మిగిలింది నా ఫోను. నోరు జారాక మాట వెనక్కి రాదు, కాని వెంటపడి పట్టుకునే ప్రయత్నం చేయాలి కదా. సూపర్‌వైజరుకు నేనే చేస్తానన్నాను. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "తప్పు నా ప్రయోగశాలలో జరిగింది. నేనే చెప్పాలి" అని, ఫోను బల్లమీద పెట్టి ముగ్గురికీ వినబడేలా మాట్లాడింది. యంత్రం అమరికలో పొరపాటు జరిగిందని, మా మనిషి చెప్పకూడని మాట చెప్పిందని, దానికి ఆధారమే లేదని, ఆ అబ్బాయి డాక్టరు ఇచ్చిన కాగితమే చెల్లుతుందని చెప్పింది. క్షమించమని అడిగింది.

సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు. ఓపిగ్గా విన్నాడు.

"మీరు పెద్దవారు. మీ మాట కాదనడం లేదండీ" అన్నాడు. "ఆ అబ్బాయంటే నాకూ ఇష్టమే. కాని ఈ సంగతి ఇప్పుడు మా కొలను కమిటీ దాకా వెళ్ళింది. వాళ్ళక్కే వద్దందని అందరికీ తెలిసిపోయింది. రేపు పదింటికి కూర్చుంటున్నారు. సోమవారం నుంచి నలభైమంది పిల్లలు కొత్తగా ఈత నేర్చుకోడానికొస్తున్నారు. కాగితాలు ఎన్ని పెట్టినా వాళ్ళు అడిగేది ఒకటే. ఈ జబ్బు వచ్చి, తగ్గి, మళ్ళీ పరాయివాళ్ళ ప్రాణాలు చూసుకునే పనిలో నిలబడ్డ మనిషిని ఎవర్నైనా చూపించండి, అంటారు. ఒక్కరు చాలు. కళ్ళారా చూస్తే నేను కూడా గట్టిగా మాట్లాడగలను. చూపించలేకపోతే కుర్చీ వేరేవాళ్ళకి వెళ్ళిపోతుందండీ."

తమ్ముడు నా వైపు చూడలేదు. కళ్ళు మెల్లగా గదంతా ఒక చుట్టు తిరిగాయి.

ఫోనులోంచి కొలను చప్పుడు వినబడుతోంది, ఎవరో పిల్లలు, ఈల.

"రేపు పదింటికి తీసుకొస్తాను" అని డాక్టరమ్మ పెట్టేసింది.

నాకు కంగారు పుట్టింది. "ఎవర్ని తీసుకెళ్తారండీ? మన దగ్గర పడుకున్నవాళ్ళ పేర్లు బయటపెట్టకూడదు కదా. ఇప్పటికే నేను చేసింది చాలదా?"

"ఇతరుల పేర్లు చెప్పకూడదు" అంది ఆవిడ. కళ్ళజోడు తీసి, తలమీద పెట్టుకోకుండా, మడిచి బల్లమీద పెట్టింది. "నా పేరు చెప్పడానికి నేను ఎవర్నీ అడగక్కర్లేదు."

నాకు అర్థం కాలేదు. తమ్ముడికి ముందు అర్థమైంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఎప్పుడు మేడం?"

"ఇరవై ఏడేళ్ళప్పుడు. నీ వయసే. నీకు ఆసుపత్రిలో ఏడు వారాలు. నాకు అయిదు నెలలు." ఆవిడ గొంతులో ఏ తేడా లేదు. "ఈ మేడలో ఎవరికీ తెలీదు. పై అంతస్తులో మన డైరెక్టరుకీ తెలీదు. ఆయనకి రేపు పదింటికి తెలుస్తుంది. ఆ కొలను కమిటీకి అధ్యక్షుడు ఆయనే."

నేను పదకొండేళ్ళుగా ఆవిడ పక్కన కూర్చుని నిద్రలు చదువుతున్నాను.

"తలుపు వేసి రా" అంది నాతో. "ముందు మీ ఇద్దరికీ చెప్పాలి."